గేదెకు ఏ దున్న సెమెన్ వేయించాలి? గోదావరి డెల్టా పాడి రైతుకు సమగ్ర మార్గదర్శి

గేదెను కొనేటప్పుడు మన రైతు చూడనిది ఉండదు. పొదుగు తడుముతాడు, పాలనరం చూస్తాడు, కొమ్ము మెలిక చూస్తాడు, రెండు పూటలా దగ్గరుండి పాలు పిండించుకుంటాడు. లక్ష పైన పెడుతున్నప్పుడు ఆ మాత్రం చూడాల్సిందే. అదే గేదె ఎదకొచ్చిన రోజు మాత్రం ఫోన్ చేసి "తొందరగా రండి" అంటాడు, అంతే. ఏ దున్న సెమెన్ తెస్తున్నారని అడిగేవాళ్ళు మండపేటలో అయినా, పాలకొల్లులో అయినా, అమలాపురంలో అయినా చాలా తక్కువ. పుట్టబోయే పెయ్యకు సగం జన్యువులు సెమెన్ నింపిన ఆ చిన్న గొట్టం, అంటే స్ట్రాలోంచే వస్తాయి. ఆ పెయ్య మీ పాకలో పదేళ్ళు ఉంటుంది, దాని కూతుళ్ళు ఆ తర్వాత కూడా ఉంటాయి. అందుకే ఈ ఒక్క నిర్ణయానికి కాస్త లెక్క, కాస్త ఓపిక పెట్టమని అడుగుతున్నాను.

దున్నను ఒంటితీరు చూసి కాకుండా దాని సంతానం ఎలా ఉంటుందో చెప్పే అంచనా అంకెలు చూసి ఎంచుకోవడం కొత్త సంగతి కాదు. అమెరికాలో మాంసం కోసం పశువులు పెంచే మందల వాళ్ళు ఆంబోతును కొనేముందు దాని దూడల పుట్టుక బరువు, 205 రోజుల బరువు, ఏడాది బరువు ఎంత ఉండొచ్చో అంకెల్లో చూస్తారు. మనకు కావాల్సినవి పాలు, వెన్న, ఈతకూ ఈతకూ మధ్య ఎడం. కొలిచేవి వేరైనా లెక్క వెనక సూత్రం ఒకటే. ఇక్కడ రాసేది డెల్టాలో ఎక్కువగా ఉన్న ముర్రా, ముర్రా సంకర గేదెల గురించి. ఐదు గేదెలున్నా యాభై ఉన్నా పద్ధతి మారదు.

1. ముందు మీ పాకలో లోటు ఏదో తేల్చుకోండి

దున్నల వివరాలు, విలువలు ఉండే కేటలాగు (దీన్నే డైరెక్టరీ అని కూడా అంటారు) తెరిచేముందు మీ గేదెల లెక్క మీ దగ్గర ఉండాలి. ఒక్కో గేదె ఈ ఈతలో మొత్తం ఎన్ని పాలిచ్చింది, వెన్న శాతం ఎంత పడింది, ఈనాక ఎన్ని నెలలకు చూడి కట్టింది, పడ్డలు ఎన్ని నెలల వయసులో మొదటి ఈత ఈనాయి. ఈ నాలుగూ రాసుకుంటే చాలు.

పాలు కొలవడానికి రోజూ కష్టపడనక్కర్లేదు. నెలకు ఒక రోజు ఉదయం, సాయంత్రం కొలిచి కలపండి. దాన్ని 30తో గుణిస్తే ఆ నెల పాలు. అలా పది నెలలవి కూడితే ఈత మొత్తం దాదాపు వచ్చేస్తుంది. అధికారికంగా పాల నమోదు చేసేవాళ్ళు కూడా నెలకోసారి కొలిచే లెక్క కడతారు. "మా గేదె పూటకు ఆరు లీటర్లు" అనే మాట ఈనిన రెండో నెల మాట. ఆరో నెలలో ఎంత ఇస్తోందన్నదే ఈత మొత్తాన్ని తేలుస్తుంది.

ఇప్పుడు లోటు ఎక్కడుందో చూడండి. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. అన్ని లోట్లనూ దున్న తీర్చలేదు. పశువుల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా ఎంతో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. పాల దిగుబడిలో అది సుమారు పావు వంతు. వెన్న శాతంలో అంతకన్నా ఎక్కువ. చూడి కట్టడం, ఈతల మధ్య ఎడం లాంటి వాటిలో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి గేదెలు పదే పదే పొర్లుతున్నాయంటే, అంటే సెమెన్ వేయించినా చూడి కట్టక మళ్ళీ ఎదకొస్తున్నాయంటే, దున్న కోసం వెతకడం కన్నా ముందు ఖనిజ లవణ మిశ్రమం, పచ్చిమేత, ఎదను కనిపెట్టే తీరు సరిచేసుకోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండు వరిగడ్డి మీదే నడిచే పాకల్లో ఈ సమస్య మేతదే అయ్యుంటుంది. దాళ్వా (రెండో వరి పంట) లేని చేలల్లో వరి కోతకు ముందు జల్లే పిల్లిపెసర, జనుము చేసే మేలు ఎంత ఖరీదైన సెమెనూ చేయలేదు.

పాలు తక్కువ, వెన్న తక్కువ అన్నదే మీ లోటైతే దున్న ఎంపిక తప్పకుండా పనికొస్తుంది. కిందివన్నీ అలాంటి రైతు కోసం.

2. అంకె అంటే ఏమిటో తెలుసుకోండి

దున్న పాలివ్వదు. దాని కూతుళ్ళు, తల్లి, అక్కచెల్లెళ్ళు ఇచ్చిన పాలను బట్టి దాని జన్యు విలువను లెక్కకడతారు. దీన్నే బ్రీడింగ్ వాల్యూ అంటారు. ఆ లెక్కలో మేత తేడా, పాక తేడా, ఈనిన కాలం తేడా, ఎన్నో ఈత అన్నది వీలైనంత తీసేస్తారు. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో ఈనిన గేదెలను ఒకదానితో ఒకటి పోల్చడం వల్లే ఇది సాధ్యమవుతుంది.

అంకె ముందు కూడిక గుర్తు ఉంటే సగటు కన్నా మేలు, తీసివేత గుర్తు ఉంటే సగటు కన్నా తక్కువ. ఏ సగటు? ఆ జాతిలో, ఆ లెక్కకు ఆధారంగా తీసుకున్న పశువుల సగటు. అందుకే ఒక జాతి కేటలాగులో ఉన్న 300ను ఇంకో జాతి కేటలాగులో ఉన్న 300తో పోల్చకూడదు. ముర్రాను ముర్రాతోనే, మెహసానాను మెహసానాతోనే. ఒక సంస్థ లెక్కను ఇంకో సంస్థ లెక్కతో పోల్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

పాల విషయంలో ఎ అనే దున్న విలువ 400 కిలోలు, బి అనే దున్న విలువ 100 కిలోలు అనుకోండి. తేడా 300. కూతురికి తండ్రి నుంచి వచ్చేది సగమే కాబట్టి, ఒకేలా మేపితే ఎ కూతుళ్ళు బి కూతుళ్ళ కన్నా సగటున ఈతకు 150 కిలోలు ఎక్కువ ఇవ్వాలి. కొన్ని కేటలాగుల్లో ఈ సగం చేసే పని ముందే అయిపోయి ఉంటుంది. వాటిలో ఉన్న తేడా ఉన్నట్టుగా కూతుళ్ళకు వర్తిస్తుంది. కాబట్టి కేటలాగు మొదటి పేజీలో ఉండే వివరణ చదవండి, లేదా మీ డాక్టరుగారిని "ఇది పూర్తి విలువా, సగం చేసిందా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న వేయకపోతే లాభం రెండింతలుగానో సగంగానో కనిపిస్తుంది.

150 కిలోలంటే ఎంత డబ్బు? వెన్న 7 శాతం అయితే పదిన్నర కిలోల వెన్న. కిలో వెన్నకు 800 రూపాయలు పడుతుందనుకుంటే ఒక ఈతకు 8,400 రూపాయలు. మీ పాల కేంద్రం ఇచ్చే ధర వేసి చూసుకోండి. నాలుగు ఈతలు ఈనే గేదె మీద ఆ తేడా ఎంతవుతుందో, స్ట్రా ధర ఎంతో పక్కపక్కన పెట్టి చూస్తే, సెమెన్ దగ్గర పది, యాభై రూపాయలు ఆదా చేయడంలో అర్థం లేదని తెలిసిపోతుంది.

3. తల్లి పాల అంకెను నమ్మే ముందు లెక్క కట్టండి

ఇక్కడే మన రైతులు ఎక్కువగా మోసపోతున్నారు, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

"ఈ దున్న తల్లి 4,000 లీటర్లు ఇచ్చిందండీ" అని ఎవరైనా అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. ఆ తల్లి ఉన్న చోట మిగతా గేదెల సగటు 2,000 అనుకుందాం. తేడా 2,000. ఇందులో జన్యువుల వాటా పావు వంతు, అంటే 500. మిగతా 1,500 మంచి మేత, మంచి చేతులు, కలిసొచ్చిన ఏడాది వల్ల వచ్చింది. అది వారసత్వంగా రాదు. ఆ 500లో కొడుక్కి వచ్చేది సగం, 250. ఆ కొడుకు సెమెన్‌తో పుట్టిన మీ పెయ్యకు వచ్చేది అందులో సగం, 125. నాలుగు వేల లీటర్ల కథ మీ గాడి దగ్గరికి వచ్చేసరికి ఈతకు 125 లీటర్లు అయింది. అదీ ఆ తల్లి పాలు నిజాయితీగా కొలిచారనుకుంటేనే.

తల్లి రికార్డు పనికిరాదని కాదు. ఆ తల్లి మూడు నాలుగు ఈతల లెక్క ఉండి, దున్న తండ్రికి సంతాన పరీక్ష (కూతుళ్ళ పాలు కొలిచి చూడడం) పూర్తయి ఉంటే వంశం చెప్పే మాటకు బలం పెరుగుతుంది. అయినా వంశం ఎంత గొప్పదైనా దానికొక హద్దుంది. ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన ఇద్దరు అన్నదమ్ములకు ఒకే జన్యువులు రావు. ఎవరికి ఏ సగం వచ్చిందో వంశావళి చెప్పలేదు. అందుకే తల్లిదండ్రుల వివరాలు మాత్రమే ఉన్న దున్న విలువకు విశ్వసనీయత 50 శాతం దాటదు. చాలాసార్లు అంతకన్నా బాగా తక్కువే ఉంటుంది.

పాల పోటీల్లో రోజుకు 20 లీటర్ల పైన ఇచ్చిన గేదె కొడుకు అని చెప్పి అమ్మే సెమెన్ సంగతి మరీ జాగ్రత్త. అది ఒకటి రెండు రోజుల పాలు. ఈత మొత్తం అంకె లేకుండా దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

4. విశ్వసనీయతను విలువ పక్కనే చదవండి

మంచి డైరెక్టరీలో ప్రతి దున్నకూ విలువ పక్కన విశ్వసనీయత శాతం ఉంటుంది. అది ఆ విలువ ఎంత సమాచారం మీద నిలబడిందో చెబుతుంది. పాలలో జన్యువుల వాటా పావు వంతు అనుకుంటే, కూతుళ్ళ సంఖ్యను బట్టి విశ్వసనీయత ఇలా పెరుగుతుంది. 5 మంది కూతుళ్ళ పాలు కొలిస్తే 25 శాతం, 15 మందివైతే 50, 60 మందివైతే 80, వంద మందివైతే 87. మొదటి పదిహేను మంది ఇచ్చినంత సమాచారం తర్వాత వచ్చే ఎనభై మంది ఇవ్వరు. కాబట్టి కూతుళ్ళు వెయ్యి మంది ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు, యాభై అరవై మంది ఉంటే అది గట్టి అంకె. ఆ కూతుళ్ళు వేరు వేరు ఊళ్ళలో, వేరు వేరు రైతుల దగ్గర ఉన్నాయా అన్నది ముఖ్యం. అందరూ ఒకే ఫారంలో ఉంటే అక్కడి మేపు మంచితనం దున్న ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

విశ్వసనీయత తక్కువగా ఉందని చాలామంది ఆ విలువను మనసులో మళ్ళీ తగ్గించుకుంటారు. అది వద్దు. సమాచారం తక్కువగా ఉన్నప్పుడు విలువను సగటు వైపు లాగడం ఆ లెక్కలోనే జరిగిపోతుంది. 250 విలువ, 35 శాతం విశ్వసనీయత ఉన్న కుర్ర దున్న విషయంలో మన దగ్గర ఉన్న మంచి అంచనా 250నే. రేపు కూతుళ్ళు పాలకొచ్చాక అది 400 కావచ్చు, 100 కావచ్చు. పైకీ కిందికీ మారే అవకాశం సమానం.

దీన్ని బట్టి చేయాల్సింది ఇది. విశ్వసనీయత 75 పైన ఉన్న దున్న అయితే ఒక్కదాన్నే ఎక్కువ గేదెలకు ధైర్యంగా వాడొచ్చు. విలువ బాగుండి విశ్వసనీయత తక్కువగా ఉన్న కుర్ర దున్నలైతే ఒక్కదాని మీద ఆధారపడకుండా మూడు నాలుగింటిని కొన్ని కొన్ని గేదెలకు పంచండి. ఒకటి తక్కువ తేలినా ఇంకొకటి పైకి తేలుతుంది, సగటు నిలబడుతుంది. కుర్ర దున్నలను పూర్తిగా వదిలేయడం కూడా నష్టమే, ఎందుకంటే ఎంపిక సరిగ్గా జరుగుతున్న చోట కొత్త తరం సగటు పాత తరం కన్నా పైనే ఉంటుంది.

జీనోమిక్ పరీక్ష పెద్ద మార్పు తెచ్చింది ఈ కుర్ర దున్నల విషయంలోనే. దూడ వెంట్రుకల కుదుళ్ళ నుంచో రక్తం నుంచో డీఎన్ఏ తీసి, వేల చోట్ల దాన్ని చదివి, పాలు కొలిచిన గేదెల డీఎన్ఏతో పోలుస్తారు. అన్నదమ్ముల్లో ఎవరికి ఏ సగం వచ్చిందో దూడగా ఉన్నప్పుడే కొంతవరకు తెలుస్తుంది. మన దేశపు గేదెల కోసం తయారుచేసిన మహిష్ చిప్‌ను, ఆవుల కోసం గౌ చిప్‌ను 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశిమ్‌లో ప్రధానమంత్రి విడుదల చేశారు. కేటలాగులో జీనోమిక్ విలువ అని ఉంటే వంశం మాత్రమే చూసిన దానికన్నా నమ్మొచ్చు, అరవై మంది కూతుళ్ళ పాలు చూసిన దానికన్నా తక్కువ నమ్మాలి. ఎంత నమ్మాలో దాని పక్కనున్న శాతమే చెబుతుంది.

5. పాల లీటర్లతో ఆగకండి, వెన్నను కలిపి చూడండి

మనకు డబ్బొచ్చేది వెన్నను బట్టి. పాలు పెరిగే కొద్దీ వెన్న శాతం కాస్త తగ్గే స్వభావం జన్యువుల్లోనే ఉంది. పాలు మాత్రమే చూసి దున్నలను ఎంచుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో పాల కేంద్రం చీటీ మీద తేడా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ. మీ పాకలో సగటు 2,000 కిలోల పాలు, 7 శాతం వెన్న. అంటే 140 కిలోల వెన్న. మొదటి దున్న పాల విలువ 300, వెన్న శాతం విలువ మైనస్ 0.3. రెండో దున్న పాల విలువ 200, వెన్న శాతం విలువ ప్లస్ 0.1. సగం చేసి చూస్తే మొదటి దాని కూతుళ్ళు 2,150 కిలోలు, 6.85 శాతంతో 147.3 కిలోల వెన్న ఇస్తాయి. రెండో దాని కూతుళ్ళు 2,100 కిలోలు, 7.05 శాతంతో 148 కిలోలు. పాల అంకెలో వంద వెనకబడిన దున్న వెన్నలో ముందుకొచ్చింది. పైగా ఆ యాభై కిలోల నీళ్ళపాలు తయారుచేయడానికి గేదె తినే తవుడు, పత్తిచెక్క మిగిలాయి.

డైరెక్టరీలో వెన్న కిలోల విలువ విడిగా ఇచ్చి ఉంటే ఈ లెక్కంతా అక్కర్లేదు, ఆ అంకెనే మొదట చూడండి. పాలను లీటరు లెక్కన ఇళ్ళకూ హోటళ్ళకూ పోసేవాళ్ళకు మాత్రం లీటర్లకే బరువెక్కువ. రాజమహేంద్రవరం, కాకినాడ చుట్టుపక్కల అలాంటి రైతులు చాలామంది ఉన్నారు, వాళ్ళు మొదటి దున్ననే తీసుకోవచ్చు.

6. ఆ కూతుళ్ళు ఏ మేత తిన్నాయో అడగండి

ముర్రా సొంత గడ్డ హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్, జీంద్ ప్రాంతం. అక్కడ చలికాలమంతా బర్సీం మేత, ఆవాల చెక్క. మన దగ్గర వరిగడ్డి, తవుడు, మినప పొట్టు, కొబ్బరి తోటల్లో నేపియర్, వేసవిలో కాలవలు కట్టేశాక నీళ్ళకూ పచ్చికకూ ఇబ్బంది, పైన సముద్రపు ఉక్కపోత. అక్కడి కూతుళ్ళ మధ్య 300 కిలోల తేడా చూపిన రెండు దున్నలు ఇక్కడ అంత తేడా చూపకపోవచ్చు. తక్కువ మేపు దగ్గర అందరి పాలూ తగ్గుతాయి కాబట్టి తేడా కూడా కుంచించుకుపోతుంది. మేపు మరీ భిన్నంగా ఉంటే ఒక్కోసారి వరసే మారుతుంది.

అందుకని ఉత్తరాది సెమెన్ మానేయనక్కర్లేదు. విలువలు దాదాపు సమానంగా ఉన్న రెండు దున్నల మధ్య తేల్చుకోవాల్సి వస్తే దక్షిణాదిలో, వీలైతే కోస్తాలో, రైతుల పాకల్లో కూతుళ్ళు పాలిస్తున్న దున్న వైపు మొగ్గండి. మన రాష్ట్రంలో నంద్యాల, విశాఖపట్నం ఘనీకృత వీర్య కేంద్రాల నుంచి, బయట ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) వాళ్ళ చెన్నై దగ్గరి అలమాది, గుజరాత్‌లోని సబర్మతి ఆశ్రమ గోశాల లాంటి కేంద్రాల నుంచి సెమెన్ వస్తుంది. కేంద్రం ఎక్కడున్నా పరవాలేదు, కూతుళ్ళను ఎక్కడ కొలిచారన్నదే ప్రశ్న.

7. రక్త సంబంధం తప్పించండి

ఇది చిన్న పని, కానీ వదిలేస్తే అన్ని లెక్కలూ వృథా. తండ్రీ కూతుళ్ళను కలిపితే పుట్టే దూడలో అంతర్ ప్రజననం (దగ్గరి రక్తం కలిసిన పాలు) 25 శాతం. తండ్రి ఒకటే అయిన అన్నాచెల్లెళ్ళను కలిపితే 12.5 శాతం. అలాంటి దూడల్లో బతికేవి తగ్గుతాయి, ఎదుగుదల తగ్గుతుంది, పాలు తగ్గుతాయి.

ఊళ్ళో ఒకే దున్నపోతును ఐదారేళ్ళు వాడిన చోట ఇది తెలియకుండానే జరుగుతోంది. దాని కూతుళ్ళే ఎదకొచ్చి మళ్ళీ దాని దగ్గరికే వెళ్తున్నాయి. బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బుల భయం దానికి అదనం. నిబంధనల ప్రకారం నడిచే వీర్య కేంద్రాల్లో దున్నలకు బ్రూసెల్లోసిస్, క్షయ, ఐబీఆర్ అనే వైరస్ జబ్బు లాంటి వాటికి క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తారు. ఊరి దున్నకు ఆ పరీక్షలు ఎవరు చేస్తున్నారు?

సెమెన్ వాడేవాళ్ళు పాటించాల్సింది ఇంతే. గేదె తండ్రి నంబరు వాడొద్దు, ఆ తండ్రికి పుట్టిన కొడుకు దున్న నంబరు వాడొద్దు, గేదె తల్లి తండ్రి నంబరు వాడొద్దు. దీనికి మీ గేదె తండ్రి ఎవరో మీకు తెలియాలి. తెలియకపోతే, ఇప్పటిదాకా మీ ప్రాంతానికి ఎక్కువగా రాని దున్న నంబరును ఎంచుకోవడం మంచిది.

8. ఏ గేదెకు ఏ దున్న

ఇప్పుడు కాగితం మీద పేర్లు రాయండి. మొదటి దశలో తూకం వేసి చూడకుండా తీసేయాల్సినవి తీసేయండి: రక్త సంబంధం ఉన్నవి, వెన్న శాతం బాగా తగ్గించేవి, విలువ గానీ విశ్వసనీయత గానీ ఇవ్వకుండా ఒట్టి ఫొటోతో అమ్మేవి. మిగిలిన వాటిని వెన్న కిలోలను బట్టి వరసలో పెట్టి పైనున్న మూడు నాలుగింటిని తీసుకోండి. ఒకే దున్నలో అన్నీ పైన ఉండాలని చూస్తే ఏదీ దొరకదు. కోరే గుణాలు పెరిగే కొద్దీ ఒక్కోదానిలో వచ్చే ముందడుగు చిన్నదవుతుంది. రెండు గుణాలు చాలు, మహా అయితే మూడు.

గేదెలనూ మూడు భాగాలు చేయండి. పైనున్న మూడో వంతుకు మంచి దున్నలు, వీలైతే ఆడదూడలిచ్చే సెక్స్ సార్టెడ్ సెమెన్. దీంతో పదిలో దాదాపు తొమ్మిది దూడలు పెయ్యలే పుడతాయి. ఒక్కో స్ట్రాలో వీర్యకణాలు మామూలు దానికన్నా చాలా తక్కువ కాబట్టి చూడి కట్టే శాతం కొంత తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉండి, ఎద స్పష్టంగా చూపే పడ్డలకు, మొదటి రెండు ఈతల గేదెలకు వాడితే ఫలితం బాగుంటుంది. రెండు మూడుసార్లు పొర్లిన గేదెకు అది వేయించడం డబ్బు దండగ. మధ్య భాగానికి అదే దున్నల మామూలు సెమెన్. చివరి భాగపు పెయ్యలను మందలో ఉంచుకోవాలన్న పట్టుదల వద్దు.

9. ఎద రోజున

దున్నను ముందే ఎంచుకోవాలి. ఎదకొచ్చాక వెతికితే దొరికిందే వేయించాల్సి వస్తుంది. మీకు కావాల్సిన నంబర్లను ఊళ్ళో సెమెన్ వేసే గోపాలమిత్రకో, రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకుడికో నెల ముందే చెప్పండి. పక్క పాకల వాళ్ళు నలుగురైదుగురు కలిసి అడిగితే తెప్పించడం వాళ్ళకూ తేలిక.

గేదెల్లో మూగ ఎద ఎక్కువ. అరుపు లేకపోయినా మానం నుంచి జారే జిగురు తీగలు, పాలు హఠాత్తుగా తగ్గడం, మాటిమాటికీ మూత్రం పోయడం గమనించండి. రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున ఒకసారి చూస్తే చాలావరకు దొరుకుతాయి. ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం వేయించండి.

స్ట్రాను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని నుంచి తీశాక 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో 30 సెకన్లు ఉంచాలి. చంకలో పెట్టుకోవడం, జేబులో వేసుకుని రావడం లాంటివి కంటపడితే మర్యాదగానే వద్దని చెప్పండి. ఇంత లెక్క చేసి ఎంచుకున్న దున్న అక్కడ పాడైపోతుంది.

10. స్ట్రా నంబరు రాసుకోండి

ఖాళీ స్ట్రా మీద దున్న నంబరు, కేంద్రం కోడ్, తయారీ వివరాలు ఉంటాయి. దాన్ని పారేయకముందే ఫోన్‌తో ఫొటో తీసి, గేదె చెవి పోగు మీదున్న 12 అంకెల నంబరు పక్కన, తేదీ పక్కన రాయండి. ప్రభుత్వం పశువుల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే భారత్ పశుధన్‌లో కూడా ఎక్కించండి. చేశామని చెప్పడం కాదు, మీ ఎదురుగా ఎక్కించమనండి. పెయ్య పుట్టాక దానికీ పోగు వేయించి తండ్రి నంబరు ఎక్కించాలి.

దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, కేటలాగులో మనం చదివే ప్రతి అంకే ఎక్కడో ఒక రైతు తన పెయ్య తండ్రి నంబరు రాసి, పాలు కొలవనిచ్చినందువల్ల వచ్చింది. మన డెల్టా నుంచి ఆ నమోదులు రాకపోతే మన మేతకు, మన ఉక్కకు ఏ దున్న నిలుస్తుందో ఏ శాస్త్రవేత్తా లెక్కకట్టలేడు. ఊళ్ళో పాల నమోదుకు ఎవరైనా వస్తే గేదెను దాచకండి, పాలు ఎక్కువ చేసి చెప్పకండి.

ఇవాళ వేయించిన సెమెన్ ఫలితం చూడాలంటే సుమారు పది నెలల చూడి, పెయ్య పెరిగి ఈనడానికి మూడున్నర ఏళ్ళు, ఆ పైన ఒక ఈత పాలు. మొత్తం ఐదేళ్ళు దాటుతుంది. ఈలోపు ఏటా కొత్త డైరెక్టరీ వచ్చినప్పుడు మీరు వాడిన నంబర్లను మళ్ళీ చూడండి. కొత్త కూతుళ్ళ లెక్క కలిసి ఒక దున్న విలువ పడిపోతే దాని పెయ్యలను అమ్మేసుకోనక్కర్లేదు. ఆ పెయ్యల్లో దేన్ని ఉంచుకోవాలో వాటి మొదటి ఈత పాలు కొలిచి తేల్చుకోండి, ఆ దున్న స్ట్రాలు మాత్రం మళ్ళీ తెప్పించకండి. విలువ పెరిగిన దున్న ఉంటే, దానికి ఇప్పటికే మీ పాకలో కూతుళ్ళు ఉన్నాయి కాబట్టి, వాటికి తప్ప మిగతా గేదెలకు దాన్ని మళ్ళీ అడగండి.